నల్లర్‌బార్ మైదానం మీదుగా కుటుంబంతో కారు ప్రయాణం, టెంట్ బస: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆస్ట్రేలియాలో అడిలైడ్ నుంచి పెర్త్‌కు విమానంలో వెళ్లకుండా, మధ్యలో ఉన్న నల్లర్‌బార్ మైదానం మీదుగా కారులో, టెంట్లు వేసుకుంటూ వెళ్లామని తెలిసినప్పటి నుంచి మాకు ఫోన్లు వస్తూనే ఉన్నాయి. మెల్‌బోర్న్, సిడ్నీలలో ఉన్న మనవాళ్లు, పిల్లల దగ్గరకు హైదరాబాద్, విజయవాడల నుంచి వచ్చిన అమ్మానాన్నలు అడుగుతున్న ప్రశ్నలు దాదాపు ఒకటే. అందుకే అన్నింటికీ ఒకేచోట జవాబులు రాస్తున్నాను. మేం ఐదుగురం వెళ్లాం: నేను, మా ఆయన, పదకొండేళ్ల పాప, ఏడేళ్ల బాబు, మా అత్తయ్య. వెళ్లింది సెప్టెంబర్ చివర్లో, బడి సెలవుల్లో.

నల్లర్‌బార్ నిజంగా ఎడారేనా? ఇసుక దిబ్బలు ఉంటాయా?

రాజస్థాన్ ఎడారిని మనసులో పెట్టుకుని వెళ్తే ఆశ్చర్యపోతారు. ఇది ఇసుక కాదు, రాయి. సుమారు 2 లక్షల చదరపు కిలోమీటర్ల సున్నపురాయి పలక. కోట్ల ఏళ్ల కిందట ఇదంతా సముద్రపు అడుగు. పడే వాన తక్కువ, పడినది కూడా రాతి పగుళ్లలోంచి కిందికి ఇంకిపోతుంది. అందుకే ఇక్కడ నదులు, వాగులు లేవు. నేల మీద మోకాలెత్తు పొదలు ఉంటాయి. లాటిన్‌లో ‘నల్లుస్’ అంటే ‘ఏదీ లేని’, ‘ఆర్బర్’ అంటే చెట్టు. పేరులోనే చెట్టు లేదని ఉంది.

అయితే హైవే ఈ మైదానం దక్షిణపు అంచు వెంట పోతుంది. అసలు చెట్టన్నదే కనిపించని భాగం నల్లర్‌బార్ రోడ్‌హౌస్ (పెట్రోల్, బస దొరికే మజిలీ) చుట్టుపక్కల కాసేపే ఉంటుంది. మిగతా దారిలో పొట్టి యూకలిప్టస్ చెట్లు కనిపిస్తూనే ఉంటాయి. ‘చెట్లున్నాయి కదమ్మా’ అని మా బాబు మొదటి రోజంతా అడుగుతూనే ఉన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం కారు ఆపి దిగి, చుట్టూ ఒకసారి తిరిగి చూసి, ఇంకేమీ అడగలేదు.

మొత్తం దూరం ఎంత? ఎన్ని రోజులు పెట్టుకోవాలి?

అడిలైడ్ నుంచి పెర్త్ సుమారు 2,700 కి.మీ. అందులో పోర్ట్ అగస్టా నుంచి నార్స్‌మన్ దాకా ఉన్న రోడ్డును ఐర్ హైవే అంటారు. అదే 1,660 కి.మీ. పైన ఉంటుంది. ఇద్దరు డ్రైవర్లు మార్చుకుంటూ మూడు రోజుల్లో దాటేస్తారని వింటుంటాం. పిల్లలతో, పెద్దవాళ్లతో అలా చేయవద్దని నా గట్టి మాట. మాకు ఎనిమిది రోజులు పట్టింది, ఒక్క రోజు కూడా ఎక్కువ అనిపించలేదు.

మొదటి రాత్రి కింబాలో. అక్కడ ధాన్యపు గోదాముల గోడల నిండా పెద్ద బొమ్మ వేసి ఉంటుంది, ఆస్ట్రేలియాను అడ్డంగా దాటే దారిలో సగం వచ్చేశారని చెప్పే బోర్డు కూడా ఉంటుంది. రెండో రాత్రి సెడునా. మూడో రోజు తిమింగలాలు చూసుకుని నల్లర్‌బార్ రోడ్‌హౌస్, నాలుగో రోజు సముద్రపు కొండచరియలు చూస్తూ యూక్లా. ఐదో రాత్రి కైగూనా, ఆరో రాత్రి నార్స్‌మన్. ఆ తరువాత కాల్గూర్లీలో ఆగి, ఎనిమిదో రోజు సాయంత్రానికి పెర్త్. నాలుగో రోజు మేం నడిపింది 200 కి.మీ. మాత్రమే. ప్రయాణం మొత్తంలో పిల్లలు ఇప్పటికీ ఎక్కువగా చెప్పుకునే రోజు అదే.

ఏ నెలలు మంచివి?

మే నుంచి అక్టోబర్ మొదటి వారం దాకా. ఇక్కడ జూన్, జూలై, ఆగస్టు చలికాలం. పగలు హాయిగా ఉంటుంది, రాత్రి మాత్రం కొన్నిచోట్ల సున్నా దాకా పడిపోతుంది. డిసెంబర్, జనవరి, ఫిబ్రవరిలో టెంట్ ఆలోచనే పెట్టుకోకండి. 2019 డిసెంబర్ 19న నల్లర్‌బార్‌లో 49.9 డిగ్రీలు నమోదైంది. రెంటచింతల, రామగుండం ఎండలు చూసినవాళ్లం అనుకోవద్దు. అక్కడ నీడ, నీళ్లు, పక్క ఊరు అన్నీ ఉంటాయి. ఇక్కడ కారు ఆగిపోతే కారు నీడే నీడ. వేసవిలో కార్చిచ్చు వస్తే హైవేనే రోజుల తరబడి మూసేస్తారు.

పెద్ద ఫోర్ వీల్ డ్రైవ్ బండి కావాలా?

అవసరం లేదు. ఐర్ హైవే మొత్తం తారు రోడ్డు. చివరి మట్టి భాగానికి 1976లో తారు వేశారు. సర్వీసింగ్ చేయించిన మామూలు ఫ్యామిలీ కారు చాలు. బయల్దేరే ముందు టైర్లు, బ్యాటరీ, కూలెంట్, స్టెప్నీ చూపించండి. చాలా కొత్త కార్లలో సన్నటి తాత్కాలిక స్టెప్నీ ఇస్తున్నారు. దాన్ని 80 దాటకుండా నడపాలి, ఎక్కువ దూరం పనికిరాదు. వీలైతే పూర్తి సైజు చక్రం ఒకటి సంపాదించి పెట్టుకోండి.

అద్దె కారు తీసుకునేవాళ్లు కాగితంలో మూడు విషయాలు చదవాలి. రాష్ట్రం దాటించవచ్చా? ఒక ఊళ్లో తీసుకుని ఇంకో ఊళ్లో ఇస్తే అదనంగా ఎంత? ఊరి పొలిమేరల బయట పొద్దుగూకాక నడిపితే ఇన్సూరెన్స్ వర్తిస్తుందా? మూడోదానికి ‘వర్తించదు’ అనే చాలా ఒప్పందాల్లో ఉంటుంది. దాని కారణం తరువాతి జవాబుల్లో చెబుతాను.

దారిలో పెట్రోల్ దొరుకుతుందా?

దొరుకుతుంది. రోడ్‌హౌస్ అంటే పెట్రోల్ బంకు, తిండి, గదులు, టెంట్ వేసుకునే స్థలం, స్నానాల గదులు అన్నీ ఒకేచోట ఉండే మజిలీ. పేరుకు యూక్లా, మదురా, కైగూనా అని ఊళ్లలా కనిపించినా చాలావరకు అవి ఒక్కొక్క రోడ్‌హౌసే. మధ్య దూరాల్లో పెద్దవి మూడు: నల్లర్‌బార్ రోడ్‌హౌస్ నుంచి రాష్ట్ర సరిహద్దులోని బోర్డర్ విలేజ్ దాకా సుమారు 185 కి.మీ., కైగూనా నుంచి బల్లడోనియా 182, బల్లడోనియా నుంచి నార్స్‌మన్ 190 పైన.

లెక్కప్రకారం ఏ కారుకైనా ఇది కష్టం కాదు. కానీ పడమటికి వెళ్తుంటే ఎదురుగాలి గట్టిగా ఉంటుంది. కారు పైన పెట్టె కట్టి, ఐదుగురితో, సామానుతో 110లో వెళ్తే పెట్రోల్ ఊరికే అయిపోతుంది. మా కారు ఒక రోజు మామూలుకన్నా నాలుగోవంతు ఎక్కువ తాగింది. సగం ట్యాంకు ఉన్నా సరే, కనిపించిన ప్రతి పెద్ద మజిలీలో నింపుకోండి. ధర సిటీ కన్నా బాగా ఎక్కువ, దాని గురించి బాధపడి లాభం లేదు. కొన్ని బంకులు రాత్రి మూసేస్తారు.

రాత్రిపూట చల్లగా ఉంటుంది కదా, అప్పుడు నడిపితే ఏమవుతుంది?

దయచేసి నడపకండి. ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇదే చదవండి.

కంగారూలు పగలు పొదల నీడలో పడుకుని, పొద్దు వాలే వేళకు మేతకు లేస్తాయి. రోడ్డు అంచున కారిన మంచుకు, చినుకుకు పచ్చిక కాస్త ఎక్కువగా మొలుస్తుంది, దానికోసం సరిగ్గా రోడ్డు పక్కకే వస్తాయి. హెడ్‌లైట్ పడితే పారిపోవు, వెలుతురులోకే గెంతుతాయి. వాంబాట్ అనే జంతువు పొట్టిగా, బండరాయిలా ఉంటుంది, తగిలితే కారు కింది భాగం పోతుంది. ఈమూలు, ఒంటెలు కూడా ఉన్నాయి. నల్లర్‌బార్ రోడ్‌హౌస్ దగ్గర ఒంటె, వాంబాట్, కంగారూ మూడు బొమ్మలతో ఒకే స్తంభానికి హెచ్చరిక బోర్డులు కనిపిస్తాయి.

ఐదో రోజు మదురాలో మధ్యాహ్నం భోజనం ఆలస్యమైంది. కైగూనా చేరేసరికి పొద్దుగూకి ఇరవై నిమిషాలైంది. ఆ ఇరవై నిమిషాల్లో మా ఆయన మూడుసార్లు బ్రేక్ వేశారు. మూడోసారి ఒక పెద్ద ఎర్ర కంగారూ బంపర్‌కు రెండు అడుగుల దూరంలో నిలబడి మా వైపు చూసింది. అత్తయ్య వెనక సీట్లో పిల్లలిద్దరినీ ఛాతీకి హత్తుకుని ఉంది. ఆ రోజు తరువాత మేం పెట్టుకున్న నియమం: సూర్యాస్తమయానికి గంటన్నర ముందే టెంట్ వేయడం పూర్తి కావాలి. పొద్దున్న కూడా సూర్యుడు బాగా పైకి వచ్చాకే బయల్దేరేవాళ్లం. జంతువు ఎదురొస్తే స్టీరింగ్ పక్కకు తిప్పకుండా నేరుగా బ్రేక్ వేయాలని ఇక్కడ డ్రైవింగ్ నేర్పేవాళ్లందరూ చెబుతారు. చాలామంది ప్రాణాలు పోయేది జంతువు తగలడం వల్ల కాదు, తప్పించబోయి కారు పల్టీ కొట్టడం వల్ల.

టెంట్ ఎక్కడ వేసుకోవచ్చు? భయం లేదా?

రెండు దారులున్నాయి. రోడ్‌హౌస్ వెనక ఉండే క్యాంపింగ్ స్థలంలో డబ్బు కట్టి దిగడం ఒకటి. దగ్గర్లో టాయిలెట్, వేడినీళ్ల స్నానం ఉంటాయి. రెండోది హైవే పక్కన ఉచిత విశ్రాంతి స్థలాలు. కొన్నింటిలో గుంత మరుగుదొడ్డి, చెత్తడబ్బా, కూర్చునే బల్ల ఉంటాయి, కొన్నింటిలో ఏమీ ఉండవు. రాత్రి ఉండవచ్చో లేదో బోర్డు మీద రాసి ఉంటుంది. చాలామంది వికీక్యాంప్స్ యాప్‌లో ముందే చూసుకుంటారు. సిగ్నల్ ఉండదు కాబట్టి ఆఫ్‌లైన్ మ్యాపు సెడునాలోనే దింపుకోండి.

మేం ఐదు రాత్రులు డబ్బు కట్టి, రెండు రాత్రులు ఉచిత స్థలాల్లో ఉన్నాం. మొదటిసారి వెళ్లేవాళ్లు ఇలా కలిపి పెట్టుకుంటే పెద్దవాళ్లకు ఇబ్బంది ఉండదు. ఉచిత స్థలంలో మా పక్కన కారవాన్‌లో (కారు వెనక తగిలించే బండి ఇల్లు) ఉన్న వృద్ధ దంపతులు, మేం స్టవ్ వెలిగించడానికి అవస్థ పడుతుంటే తమది తెచ్చి ఇచ్చారు. మనుషుల వల్ల భయం మాకు ఎక్కడా కలగలేదు. కొండచరియల అంచున టెంట్ వేసిన పాత ఫోటోలు ఇంటర్నెట్‌లో కనిపిస్తాయి. అక్కడ వేయకండి. ఇప్పుడు చాలాచోట్ల నిషేధం, అంచు కింద రాయి కోసుకుపోయి ఉంటుంది.

టెంట్ వేయడంలో కొత్తగా తెలుసుకోవాల్సింది ఏమైనా ఉందా?

ఉంది. నేల రాయి. టెంట్‌తో పాటు వచ్చే సన్నటి మేకులు మొదటి సుత్తి దెబ్బకే వంగిపోయాయి. దళసరి ఉక్కు మేకులు, బరువైన సుత్తి పట్టుకెళ్లండి. మేకు దిగనిచోట తాడును కారు చక్రానికో, నీళ్ల క్యానుకో కట్టాం. దక్షిణ సముద్రం నుంచి వచ్చే గాలికి అడ్డం ఏమీ లేదు, కాబట్టి కారును గాలివాటుకు అడ్డంగా నిలిపి దాని చాటున టెంట్ వేయాలి. ఎత్తైన పెద్ద టెంటు కన్నా పొట్టిగా ఉండేవి రెండు మేలు.

గ్యాస్ స్టవ్ గురించి ఒక మాట. చిన్న బ్యూటేన్ డబ్బాలు చలికి సరిగా మండవు. ఉచిత స్థలంలో ఉన్నప్పుడు తెల్లవారుజామున టీ పెట్టబోతే మంట లేవలేదు. పక్కవాళ్ల సాయం తీసుకున్నది అప్పుడే. చలికాలంలో వెళ్తే ప్రొపేన్ కలిసిన డబ్బా గాని, చిన్న ప్రొపేన్ సిలిండర్ గాని తీసుకోండి. కట్టెల మంట వేసే ముందు ఆ రోజు నిషేధం ఉందేమో అడగాలి.

నీళ్ల సంగతి ఏమిటి? బాత్‌రూమ్‌లు?

ఈ ప్రశ్న పెద్దవాళ్లు మొహమాటంగా అడుగుతారు, అసలు అడగాల్సిందే ఇది. రోడ్‌హౌస్‌లలో తాగునీరు ఉచితంగా పట్టుకునే వీలు ఉండదు. వాళ్లే చాలా కష్టపడి నీళ్లు తెచ్చుకుంటారు, ఉప్పునీళ్లను శుద్ధి చేసుకుంటారు. ఐదుగురికి మేం 20 లీటర్ల క్యాన్లు మూడు నింపుకుని సెడునాలో బయల్దేరాం. తాగడానికి, వంటకు రెండు, కడుక్కోవడానికి ఒకటి. ఆ మూడోది లేకపోతే మన అలవాట్లతో చాలా ఇబ్బంది. స్నానం రోడ్‌హౌస్‌లో డబ్బిచ్చి చేయాలి, కొన్నింటిలో నాణెం వేస్తే కొన్ని నిమిషాలే నీళ్లు వస్తాయి. చిల్లర దాచుకోండి.

మరుగుదొడ్డి లేనిచోట చిన్న పార, రెండు టార్చిలైట్లు, నీళ్ల సీసా ఉండాలి. లోతుగా తవ్వి పూడ్చాలి, కాగితాలు సంచిలో వేసి వెంట తెచ్చుకోవాలి. అత్తయ్యకు మేం మడతపెట్టే టాయిలెట్ కుర్చీ, చుట్టూ నిలబెట్టే చిన్న గుడారం కొన్నాం. ఖర్చు కొంచెమే, ఆమెకు వచ్చిన నిశ్చింత చాలా ఎక్కువ.

మన తిండి తీసుకెళ్లవచ్చా? సరిహద్దులో పారేయిస్తారట?

నిజమే. పశ్చిమ ఆస్ట్రేలియా తన పంటలను పురుగుల నుంచి, తెగుళ్ల నుంచి కాపాడుకోవడానికి చాలా గట్టిగా ఉంటుంది. బోర్డర్ విలేజ్ దగ్గర ప్రతి కారూ ఆగాలి. అధికారులు డిక్కీ, ఐస్‌బాక్స్ తెరిచి చూస్తారు. తాజా పండ్లు, కూరగాయలు, తేనె, విత్తనాలు, మొక్కలు, మట్టి అంటిన వస్తువులు దాటనివ్వరు. దాచిపెడితే జరిమానా. ఉన్నది ఉన్నట్టు ముందే చెప్పి అక్కడి డబ్బాలో వేస్తే ఏమీ అనరు, మాతో చాలా మర్యాదగా మాట్లాడారు.

మన ఇళ్లలో మర్చిపోయేవి వేరే ఉంటాయి. పచ్చిమిర్చి, అల్లం, నిమ్మకాయలు, కొత్తిమీర, సంచి అడుగున ఉండిపోయిన నాలుగు వెల్లుల్లి రెబ్బలు, అన్నిటికన్నా ముఖ్యంగా కరివేపాకు. కరివేపాకు నిమ్మ, నారింజల కుటుంబానికి చెందినది, ఆ జాతికి వచ్చే తెగుళ్లు దానికీ వస్తాయి. మా పెరట్లో కుండీలో పెంచుకున్న చెట్టు నుంచి కోసి తెచ్చిన రెమ్మలను డబ్బాలో వేసేటప్పుడు అత్తయ్య మొహం చిన్నబోయింది. ముందే తెలిసి ఉంటే ఇంట్లోనే వేయించి పొడి కొట్టుకునేవాళ్లం.

మళ్లీ వెళ్తే నేను చేసేది ఇది. చింతపండు పులుసు ఇంగువ వేసి ఇంట్లోనే బాగా ఉడికించి సీసాలో పెట్టుకుంటాను. దారిలో అన్నం వండి కలిపితే పులిహోర. కరివేపాకు పొడి, కందిపొడి, నెయ్యి, జంతికలు, వేయించిన అటుకులు, ఉప్మా రవ్వ. కందిపప్పు, దినుసులు విప్పని షాపు ప్యాకెట్లలోనే ఉంచి అడగకముందే చూపించాలి. తాజా కూరగాయలు సెడునాలో నాలుగో రోజు పొద్దుటి దాకా సరిపడా మాత్రమే కొనాలి. సరిహద్దుకు ముందు వ్యూపాయింట్ దగ్గర ఆగి మిగిలిన టమాటాలు, కీర దోసకాయలు, అరటిపళ్లు అందరం తినేశాం. దాటాక నార్స్‌మన్ దాకా, అంటే 700 కి.మీ. పైగా, కూరగాయల కొట్టు లేదు. నియమాలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే వారం ఆ రాష్ట్ర ప్రభుత్వపు క్వారంటైన్ జాబితా ఒకసారి చూసుకోండి.

ఫోన్ సిగ్నల్ ఉండదా? ఆరోగ్యం పాడైతే?

రోడ్‌హౌస్‌ల దగ్గర చాలాచోట్ల ఉంటుంది, మధ్యలో గంటల తరబడి ఉండదు. టెల్‌స్ట్రా మిగతావాటికన్నా ఎక్కువచోట్ల అందుతుంది. మేం ఒక నెలకు ఆ కంపెనీ ప్రీపెయిడ్ సిమ్ కొనుక్కున్నాం. అత్యవసర నంబర్ 000. కానీ ఏ నెట్‌వర్కూ లేనిచోట అదీ కలవదు. అందుకే ఉపగ్రహానికి సంకేతం పంపే చిన్న బీకన్ పరికరం, దాన్ని పీఎల్‌బీ అంటారు, కొనుక్కోవడమో అద్దెకు తీసుకోవడమో చేయండి. కొన్ని కొత్త ఐఫోన్లలో కూడా ఉపగ్రహం ద్వారా సాయం అడిగే సౌకర్యం ఉంది. రోజూ ఎక్కడ ఆగుతారో ఇంటి దగ్గర ఒకరికి రాసి ఇచ్చి, చేరగానే మెసేజ్ పెట్టండి.

రోడ్డు మీద అక్కడక్కడ తెల్ల చారలు గీసి, ఫ్లయింగ్ డాక్టర్ బొమ్మతో బోర్డు కనిపిస్తుంది. అది రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్ విమానం దిగే చోటు. హైవేనే రన్‌వే. 1928లో మొదలైన ఆ సేవ ఇప్పటికీ ఇలాంటి చోట్ల రోగులను విమానంలో తీసుకెళ్తోంది. డాక్టర్ మన దగ్గరకు రోడ్డు మీద దిగి వస్తాడని పిల్లలకు చెప్పినప్పుడు వాళ్లు తలెత్తి ఆకాశంలో వెతికారు. బీపీ, షుగర్ మందులు మాత్రం రెండు వారాలకు ఎక్కువే పెట్టుకోండి. సెడునా దాటాక నార్స్‌మన్ చేరేదాకా మందుల షాపు ఉండదు.

కారు ఆగిపోతే మాత్రం కారును వదిలి నడవకండి. హైవే మీద గంటలో ఎవరో ఒకరు వస్తారు, ఆగుతారు.

రోడ్ ట్రైన్‌లంటే భయంగా ఉంది. ఎలా దాటాలి?

ఒక్క లారీకి రెండు మూడు ట్రెయిలర్లు తగిలించి ఉంటాయి, పొడవు 35 మీటర్లు దాటుతుంది. ఎదురుగా వచ్చినప్పుడు గాలి దెబ్బకు కారు ఊగుతుంది, స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకోవాలి. దాటాలంటే కనీసం కిలోమీటరు మేర ఖాళీ రోడ్డు కనబడాలి. మేమైతే మూడుసార్లే దాటాం, మిగతాసార్లు వెనకే నెమ్మదిగా వెళ్లాం. కారవాన్‌లు, లారీలవాళ్లు యూహెచ్‌ఎఫ్ రేడియోలో 40వ చానెల్‌లో మాట్లాడుకుంటారు. మనలాగే ఇక్కడా ఎడమవైపే నడపాలి. ఎదురొచ్చే డ్రైవర్ స్టీరింగ్ మీంచి వేలెత్తి పలకరిస్తాడు, మీరూ ఎత్తండి. ఆ పలకరింపులు లెక్కపెట్టడమే మా పాపకు పెద్ద ఆట అయింది.

గడియారం ఎన్నిసార్లు మార్చాలి?

దక్షిణ ఆస్ట్రేలియా నుంచి పశ్చిమ ఆస్ట్రేలియాలోకి వెళ్తే గంటన్నర వెనక్కి. అక్టోబర్ మొదటి ఆదివారం తరువాత వేసవి సమయం వల్ల రెండున్నర గంటలు. మధ్యలో విచిత్రం ఒకటుంది. సరిహద్దు నుంచి కైగూనా దగ్గరి దాకా ఉన్న రోడ్‌హౌస్‌లు ప్రభుత్వం గుర్తించని తమ సొంత సమయం పాటిస్తాయి, పెర్త్ కన్నా 45 నిమిషాలు ముందు. ఫోన్ ఒకటి చూపిస్తుంది, వంటగది గోడ గడియారం ఇంకొకటి. భోజనం ఎన్ని గంటల దాకా పెడతారో నోటితో అడిగి తెలుసుకోండి. పడమటికి వెళ్లేవాళ్లకు గడియారం ప్రకారం సూర్యాస్తమయం తొందరగా వచ్చేస్తుంది. కైగూనాలో మేం చీకటిపడ్డాక చేరడానికి ఈ లెక్క తప్పడమూ ఒక కారణం.

తప్పకుండా ఆగాల్సిన చోట్లు ఏవి?

హెడ్ ఆఫ్ బైట్ మొదటిది. హైవే నుంచి సుమారు 12 కి.మీ. దక్షిణానికి వెళ్తే మహాసముద్రం. సదరన్ రైట్ జాతి తిమింగలాలు అంటార్కిటికా వైపు చల్లటి నీళ్ల నుంచి చలికాలంలో ఇక్కడికి పురుటికి వస్తాయి. జూన్ నుంచి సెప్టెంబర్ మంచి కాలం. చెక్క వంతెన మీంచి నిలబడి చూస్తే బైనాక్యులర్ కూడా అక్కర్లేదు. మేం వెళ్లేసరికి చాలా జంటలు వెళ్లిపోయాయి, నాలుగు తల్లులు పిల్లలతో ఉన్నాయి. తల్లి కదలకుండా తేలుతుంటే పిల్ల దాని వీపు మీదికి ఎక్కి జారుతూ ఉంది. పుట్టింటికి వచ్చిన బాలింతలు అంది అత్తయ్య. రెండు గంటలు అక్కడే నిలబడ్డాం.

తరువాత బండా కొండచరియలు. మైదానం ఏ సూచనా లేకుండా ఒక్కసారిగా తెగిపోయి, 60 నుంచి 120 మీటర్ల కింద సముద్రం కనిపిస్తుంది. నేలకు అంచు ఉంటుందని నాకు అక్కడే అర్థమైంది. చాలాచోట్ల కంచె ఉండదు. పిల్లల చెయ్యి వదలకండి.

యూక్లాలో 1877లో మొదలైన టెలిగ్రాఫ్ కేంద్రం శిథిలాలు ఇసుకలో సగం కూరుకుపోయి ఉన్నాయి. 1890ల్లో కుందేళ్లు విపరీతంగా పెరిగి దిబ్బల మీది గడ్డిని తినేయడంతో ఇసుక కదిలి ఊరిని కప్పేసింది. ఇసుక దిబ్బలు చూడాలనుకున్న మా బాబు కోరిక అక్కడ తీరింది.

ఇక బల్లడోనియా. 1979 జూలైలో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ విరిగి పడింది దక్షిణ తీరంలోని ఎస్పరెన్స్ నుంచి ఈ ప్రాంతం దాకానే. రోడ్‌హౌస్‌లోని చిన్న మ్యూజియంలో దాని గురించి పెట్టారు. ఆ ఏడాది మన పల్లెల్లో స్కైలాబ్ నెత్తిన పడుతుందని, లోకం అంతమవుతుందని జనం మేకలు, కోళ్లు కోసుకుని తిన్న సంగతి పెద్దవాళ్లందరికీ గుర్తే. అత్తయ్య అప్పుడు కరీంనగర్ జిల్లాలో కొత్త కోడలు. అద్దాల ముందు నిలబడి చాలాసేపు చూసి, ‘గిదేనా బిడ్డా, మా ఊరంత నిద్ర లేకుంట జేసింది? గింత దూరమొచ్చి పడ్డదా!’ అంది. ఆ రాత్రి పిల్లలకు 1979 కథ మొత్తం చెప్పింది. మామయ్య ఇంటికప్పు మీద ఎక్కి కాపలా కాసిన సంగతి మా ఆయన కూడా మొదటిసారి విన్నారట.

నేరుగా పోయే రోడ్డు మీద నిద్ర రాదా?

వస్తుంది. కైగూనా, బల్లడోనియాల మధ్య 146.6 కి.మీ. ఒక్క మలుపు లేదు. దాన్ని తొంభై మైళ్ల సరళ రేఖ అని పిలుస్తారు. మేం ప్రతి గంటకూ డ్రైవర్ మారాం. పిల్లలతో అంత్యాక్షరి, పదాల ఆట ఆడించాం. కళ్లు బరువెక్కితే పక్కన ఆపి పది నిమిషాలు నడవడమే మందు, పాటలు, కాఫీ సరిపోవు.

రాత్రి ఆకాశం గురించి అందరూ చెబుతారు. నిజంగా అంత బాగుంటుందా?

బాగుంటుంది. పాలపుంత వెలుగులో మనిషి ఆకారం కనిపిస్తుంది. ధ్రువ నక్షత్రం ఈ అర్ధగోళంలో కనబడదు. అత్తయ్య ఉత్తరం వైపు వెతికితే అక్కడ లేదు. బదులు దక్షిణాన సదరన్ క్రాస్ అనే నక్షత్రాల గుంపు చూపించాం. సెప్టెంబర్ చివర రాత్రి ఎనిమిదింటికి పడమటి ఆకాశంలో వృశ్చికం తల కిందికి, తోక పైకి పెట్టి దిగుతోంది, మధ్యలో ఎర్రగా జ్యేష్ఠ. మా ఊళ్లో ఆరుబయట మంచాలేసుకుని పడుకున్న రోజుల తరువాత అన్ని చుక్కలు నేను చూడలేదు. అమావాస్య దగ్గర పడేలా తేదీలు పెట్టుకోండి.

ఇది ఎవరి నేల? మనం ఏం పాటించాలి?

మిర్నింగ్, అనంగు మొదలైన ఆదివాసీ ప్రజల నేల. హైవేకు ఎడ్వర్డ్ జాన్ ఐర్ అనే ఇంగ్లిష్ అన్వేషకుడి పేరు పెట్టారు. 1841లో ఆయన ఈ తీరం వెంట ప్రాణాలతో దాటడానికి కారణం వైలీ అనే ఆదివాసీ యువకుడు, ఇసుక దిబ్బల్లో ఎక్కడ తవ్వితే నీరు పడుతుందో చూపించిన స్థానికులు. ఆ పేర్లు రోడ్డుకు లేవు, అందుకే మా పిల్లలకు వైలీ పేరు ముందు చెప్పాం. హైవే పక్కన యలాటా అనే ఆదివాసీ ఊళ్లో ఉన్న కుటుంబాలు చాలావరకు ఉత్తరాన ఊల్డియా నుంచి 1950ల్లో తరలించినవి. ఆ తరువాత ఆ ఉత్తరపు నేలపైనే, మరలింగాలో, బ్రిటన్ అణు పరీక్షలు జరిపింది. యలాటా భూమిలో రోడ్డు దిగి చేపలు పట్టాలన్నా, టెంట్ వేయాలన్నా అనుమతి తీసుకోవాలి. గుహల్లోకి వెళ్లకండి.

పిల్లలు ఒంటెల గురించి అడిగితే ఇది చెప్పండి: 1866లో కరాచీ నుంచి ఓడలో తెచ్చిన ఒంటెల మంద పోర్ట్ అగస్టాలో దిగింది. వాటితో మన ఉపఖండపు మనుషులు కూడా వచ్చారు. లారీలు రాకముందు ఈ లోపలి ప్రాంతాలకు సరుకు మోసింది వాళ్లే.

పెర్త్ నుంచి అడిలైడ్ వైపు వెళ్తే తేడా ఏమిటి?

తనిఖీ బోర్డర్ విలేజ్‌లో కాదు, సెడునాలో ఉంటుంది. పండ్ల ఈగ కోసం దక్షిణ ఆస్ట్రేలియావాళ్లు అక్కడ చూస్తారు, కాబట్టి కూరగాయలు నార్స్‌మన్‌లో కొని సెడునా లోపు తినేయవచ్చు. మనకు ఇది పెద్ద సుఖం. గాలి చాలావరకు వెనక నుంచి తోస్తుంది. పొద్దుటి ఎండ కళ్లలో కొడుతుంది కాబట్టి కాస్త ఆలస్యంగా బయల్దేరండి. గడియారం మాత్రం మీకు గంటన్నర తగ్గించేస్తుంది. కైగూనా, యూక్లాల దగ్గర ఆ రోజు మజిలీ చిన్నదిగా పెట్టుకోండి.